మిసెస్ ఫలానా అసలు పేరు

మొదటి రోజు, పాత రికార్డులు చూసుకునే మా ఆర్కివిస్టు నా ముందు నాలుగు అట్టపెట్టెలు పెట్టి, ఇవి 1941 నుంచి 1946 దాకా అని చెప్పింది. మూత తీస్తే పాత కాగితం వాసన. పైన ఒక సొరోరిటీ పత్రిక సంచికలు, కింద మా యూనివర్సిటీ శాఖ వాళ్ళు టైపు చేసి పంచుకున్న ఉత్తరాలు. పత్రిక చివరి పేజీల్లో పాత విద్యార్థినుల కబుర్లు చిన్న అక్షరాలతో ఉంటాయి. అవి ఒక్కొక్కటీ చదివి, ఎవరు, ఏ ఏడు చదువు ముగించారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కడున్నారు, ఏం చేశారు అన్నది ఒక పట్టికలోకి ఎక్కించడం నా పని. మూడు నెలల్లో అయిపోతుందనుకున్నాం. ఏడాదిన్నర పట్టింది.

మాది విశాఖపట్నం. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే చేశాను. మావారి ఉద్యోగం వల్ల ఒహాయో వచ్చాం. పాప స్కూలుకు వెళ్ళడం మొదలయ్యాక ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీలో, పాత రికార్డుల విభాగంలో వాలంటీరుగా చేరాను. వారానికి రెండు రోజులు. సొరోరిటీ అన్న మాట అప్పటిదాకా సినిమాల్లో విన్నదే. గ్రీకు అక్షరాలు తగిలించిన పెద్ద ఇళ్ళు, వాటి మెట్ల మీద ఫొటోలు దిగే అమ్మాయిలు, అంతకుమించి నాకేమీ తెలియదు.

సొరోరిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘం. లాటిన్‌లో సోరోర్ అంటే తోబుట్టువు. మగపిల్లల సంఘాల్లో చోటు లేని రోజుల్లో ఆడపిల్లలు సొంతంగా పెట్టుకున్నవి ఇవి. ఇల్లినాయ్‌లోని మన్‌మత్ కాలేజీలో 1867లో మొదలైన సంఘం తర్వాత పై బీటా ఫై అయింది. 1870లో అదే కాలేజీలో కప్పా కప్పా గామా, ఇండియానాలోని గ్రీన్‌కాజిల్‌లో కప్పా ఆల్ఫా తీటా పుట్టాయి. ఒక్కో కాలేజీలో ఉన్న శాఖను చాప్టర్ అంటారు. చదువు అయిపోయినా సభ్యత్వం పోదు, చనిపోయేదాకా అక్కచెల్లెళ్ళే. అందుకే ప్రతి సంఘానికీ ఒక పత్రిక, ఆ పత్రికలో కబుర్లు. ఎవరికి పెళ్ళయింది, ఎవరికి బాబు పుట్టాడు, ఎవరు ఏ ఊరు మారారు. మన పెళ్ళి పందిట్లో ఏళ్ళ తర్వాత కలుసుకున్న ఆడవాళ్ళు ఒకరినొకరు అడుక్కునేవే, ఇక్కడ అచ్చులో ఉన్నాయి.

నేను చూసిన పత్రిక ఏ సంఘానిదో చెప్పడం లేదు. ఆ స్త్రీల పిల్లలు, మనవలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ముందు స్కానింగ్. యుద్ధంలో కాగితానికి కరువు వచ్చి, 1943 నుంచి సంచికలు పల్చబడ్డాయి. కాగితం కూడా పల్చనే. ఒక పేజీ స్కాన్ చేస్తే వెనక పేజీ అక్షరాలు కూడా నీడలా కనిపించేవి. పేజీ వెనక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయమని మా ఆర్కివిస్టు చూపించింది. నిజంగానే నీడలు పోయాయి. తర్వాత కంప్యూటర్ ఆ బొమ్మలను అక్షరాలుగా మార్చాలి. అది ఆర్, ఎన్ పక్కపక్కన వస్తే ఎమ్ అని చదివేది. ఇంటిపేర్లలో అలాంటి తప్పు ఒక్కటి పడితే ఆ మనిషి ఇక దొరకదు. అందుకని ప్రతి వరుసా నేనే కళ్ళతో సరిచూశాను. విసుగ్గా ఉండే పనే, కానీ ఆ విసుగులోనే వాళ్ళు నాకు పరిచయమయ్యారు.

1941 చివరి సంచికలో ఇంకా డాన్సులు, టీ పార్టీలు, ఇంటికి కొత్త కర్టెన్ల కోసం చందాలు. ఆ డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. తర్వాతి సంచికల్లో గొంతు మారిపోయింది. డాన్సు డబ్బుతో వార్ బాండ్లు కొన్నారు. చక్కెరకు రేషన్ వచ్చింది కాబట్టి టీకి ఎవరి చక్కెర వాళ్ళు తెచ్చుకోమన్నారు. కబుర్లలో ఊళ్ళ పేర్ల పక్కన క్యాంపుల పేర్లు రావడం మొదలైంది.

అసలు చిక్కు పేర్లతో వచ్చింది.

చదువుకునేటప్పుడు అమ్మాయికి తన పేరు ఉండేది. పెళ్ళయ్యాక పత్రికలో ఆమె మిసెస్, దాని పక్కన భర్త పేరు, భర్త ఇంటిపేరు. ఇంటిపేరు మారడం మనకూ అలవాటే. కానీ ఇక్కడ ఆమె సొంత పేరు కూడా మాయమైపోతుంది. మిసెస్ రాబర్ట్ ఫలానా అంటే ఆ రాబర్ట్ భార్య ఎవరు? ఒక్కోసారి బ్రాకెట్లో పుట్టింటి పేరు వేసేవారు, ఒక్కోసారి చోటు చాలక తీసేసేవారు. మొదటి నెలలో నేను ఎలా అచ్చయితే అలా ఎక్కించుకుంటూ పోయాను. రెండో నెలలో ఒక సంగతి కనిపెట్టి చేతులు చల్లబడ్డాయి. నా పట్టికలో మూడు వరుసల్లో ఉన్న ముగ్గురు స్త్రీలు నిజానికి ఒక్కరే.

1939లో డిగ్రీ పుచ్చుకున్న అమ్మాయి. 1942లో ఒక పైలట్‌ను పెళ్ళాడింది, అక్కడ ఒక పేరు. 1944లో భర్త యూరప్ మీద విమానంతో కూలిపోయాడు. ఆ తర్వాత కూడా రెండు సంచికల్లో ఆమె చనిపోయిన మనిషి పేరుతోనే మిసెస్. 1946లో మళ్ళీ పెళ్ళి, మళ్ళీ ఇంకో పేరు. నేను ఆమెను పెళ్ళికూతురిగా ఒక వరుసలో, విధవగా ఒక వరుసలో, ఎవరో తెలియని కొత్త మనిషిగా మూడో వరుసలో రాసుకున్నాను. తల్లిదండ్రుల ఊరి పేరు ఒకటే కావడం వల్ల పట్టుబడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికే దాదాపు 200 వరుసలు ఎక్కించాను, ఇంకా ఎంతమందిని ఇలా ముక్కలు చేశానో అని ఒకటే టెన్షన్.

మర్నాడు మా ఆర్కివిస్టుకు చెప్పి మొదటికి వచ్చాను. పట్టికలో మొదటి నిలువు వరుసను మార్చేశాం. ఇకనుంచి అక్కడ కాలేజీలో చేరినప్పటి పేరు మాత్రమే. పెళ్ళి పేర్లన్నీ దాని తర్వాతే, ఎన్ని ఉంటే అన్ని. ఆ పేరు కోసం యూనివర్సిటీ ఇయర్‌బుక్కులు తిరగేశాను. 1940 జనాభా లెక్కల కాగితాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్ళ తర్వాత బయటపెడతారు. 1940వి 2012లో, 1950వి 2022లో వచ్చాయి. 1940లో తండ్రి ఇంట్లో కూతురిగా ఉన్న అమ్మాయిని, 1950లో ఎవరో ఇంట్లో భార్యగా ఉన్న మనిషితో కలపాలి. వయసు, పుట్టిన రాష్ట్రం, చదివిన ఏళ్ళు, ఇవే ఆధారం. ఒక్కొక్కరికి అరగంట నుంచి రెండు వారాల దాకా పట్టింది. చివరికి మా చాప్టర్‌కు 312 మంది తేలారు. అచ్చయిన పేర్లను బట్టే లెక్కపెట్టి ఉంటే 371 మంది అయ్యేవారు.

ఆ కబుర్లలో ఎక్కువమంది యూనిఫారం వేసుకోలేదు. అది ముందు చెప్పాలి. ఎక్కువమంది భర్తల వెనక క్యాంపు నుంచి క్యాంపుకు తిరిగారు. జార్జియాలో మూడు నెలలు, టెక్సాస్‌లో రెండు నెలలు, తర్వాత కాలిఫోర్నియా. పత్రిక చివరి పేజీలో అడ్రసు మార్పు కోసం ఒక కూపన్ ఉండేది. చాప్టర్ ఉత్తరాలతో పాటు దాచిన కూపన్లలో ఒకామెవి ఏడు దొరికాయి, రెండేళ్ళలో ఏడు. చేతిరాత ఒకటే, సిరా రంగు మారుతూ వచ్చింది. చివరి కూపన్‌లో అడ్రసు ఆమె పుట్టిల్లు. భర్తను ఓడ ఎక్కించేశారన్నమాట. ఇలాంటివి మూడోసారి, నాలుగోసారి చూశాక కూపన్ చూడగానే తెలిసిపోయేది.

యూనిఫారం వేసుకున్నవాళ్ళ సంగతి వేరే ఉత్సాహంతో అచ్చయింది. సైన్యంలో మహిళా విభాగం 1942 మేలో, నేవీలో వేవ్స్ అదే ఏడు జూలైలో, కోస్ట్ గార్డ్‌లో స్పార్స్ నవంబరులో, మెరైన్ల మహిళా విభాగం 1943 ఫిబ్రవరిలో వచ్చాయి. వేవ్స్‌కు అధిపతి వెల్స్‌లీ కాలేజీ అధ్యక్షురాలు మిల్డ్రెడ్ మెకాఫీ. స్పార్స్‌కు పర్డ్యూ యూనివర్సిటీలో విద్యార్థినుల డీన్‌గా ఉన్న డోరతీ స్ట్రాటన్. కాలేజీ అమ్మాయిలకు ఇది మనవాళ్ళ పని అనిపించడానికి అదొక కారణం. వేవ్స్ ఆఫీసర్ల శిక్షణ కూడా నార్తాంప్టన్‌లోని స్మిత్ కాలేజీలోనే. యుద్ధం ముగిసేసరికి అన్ని విభాగాల్లో కలిపి దాదాపు 3,50,000 మంది స్త్రీలు పనిచేశారు.

చదువుకున్న ఆడవాళ్ళ కోసం ఫ్యాక్టరీలు వెతుక్కుంటూ వచ్చిన కాలం కూడా అదే. విమానాలు తయారుచేసే కర్టిస్ రైట్ కంపెనీ 1943లో పర్డ్యూ, కార్నెల్, మిన్నెసోటా లాంటి ఏడు యూనివర్సిటీల్లో అమ్మాయిలకు పది నెలల ఇంజినీరింగ్ కోర్సు పెట్టింది. వాళ్ళను క్యాడెట్లు అనేవారు. మా పట్టికలో ఇద్దరు ఉన్నారు. ఒకామె అంతకుముందు హోమ్ సైన్స్ విద్యార్థిని. కేకులు కొలిచిన చేత్తో విమానం రెక్కల డ్రాయింగులు గీసింది.

ఒకరోజు ఒక వరుస చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 1942లో గణితంలో డిగ్రీ తీసుకున్న అమ్మాయి ఫిలడెల్ఫియాలో కంప్యూటర్‌గా ఉందని రాశారు. కంప్యూటర్ దగ్గర అని కాదు, కంప్యూటర్‌గా అని. అప్పట్లో అది ఉద్యోగం పేరు. ఫిరంగి గుండు ఏ కోణంలో పేలిస్తే ఎక్కడ పడుతుందో లెక్కలు కట్టేవాళ్ళు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ మూర్ స్కూల్లో పదుల సంఖ్యలో అమ్మాయిలు కూర్చుని, డెస్క్ మీద కాలిక్యులేటర్లతో ఆ పట్టికలు చేశారు. ఒక్క గుండు దారి లెక్కించడానికి ఒక మనిషికి 30 గంటలకు పైగా పట్టేది. ఆ పని తొందరగా చేయడానికే ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ తయారైంది, దానికి మొదటి ప్రోగ్రామర్లు ఆరుగురూ ఆ అమ్మాయిల్లోంచి వచ్చినవాళ్ళే. మా పట్టికలో ఉన్నామె ఆ ఆరుగురిలో లేదు. అయినా సాయంత్రం ఇంటికి వెళ్ళి మావారికి చెప్పాను. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. అన్నం తినడం ఆపి ఆ వరుస ఫొటో చూపించమన్నారు, రెండుసార్లు చదువుకున్నారు.

మా చాప్టర్ కాకపోయినా పక్క పేరాల్లో కనిపించేవాళ్ళు కూడా నన్ను వదిలేవారు కాదు. ఒక పశ్చిమ రాష్ట్రం చాప్టర్‌కు చెందినామె భర్త ఉద్యోగం మనీలాలో. 1942 జనవరి 2న మనీలా జపాన్ చేతికి పోయింది. ఆ తర్వాత మూడేళ్ళపాటు ఆమె గురించి సంచిక తర్వాత సంచిక కబురు లేదు అన్న ఒక్క మాటే. చాప్టర్ సెక్రెటరీ ఆ పేరును ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు. చెప్పడానికి ఏమీ లేకపోయినా, కాగితం కరువులో ఒక వరుస ఖర్చుపెట్టి, ఏమీ తెలియలేదని రాసింది. 1945 ఫిబ్రవరి 3న అమెరికన్ సైన్యం మనీలాలో శాంటో తోమాస్ శిబిరం తలుపులు తెరిచింది. యూనివర్సిటీ ఆవరణనే శిబిరంగా మార్చి వేలమంది పౌరులను నిర్బంధించిన చోటు అది. ఆ తర్వాతి సంచికలో ఆమె పేరు, ఇద్దరు పిల్లలతో క్షేమం అన్న మాట. ఆమె నా పట్టికలోకి రాదు. అయినా ఆ సంచిక కోసం పెట్టెలో ముందే వెతికాను, వరుస తప్పించి.

అందరికీ అలాంటి కబురు రాలేదు. సైన్యం విమానాలు నడిపిన వాస్ప్ స్త్రీల గురించి ఇక్కడ చెప్పాలి. టెక్సాస్‌లో స్వీట్‌వాటర్ దగ్గర అవెంజర్ ఫీల్డ్‌లో శిక్షణ. 1,074 మంది శిక్షణ పూర్తిచేశారు, విధిలో 38 మంది చనిపోయారు. వాళ్ళను సైనికులుగా లెక్కించలేదు. శవాన్ని ఇంటికి పంపే ఖర్చు తోటి పైలట్లు చందాలు వేసుకుని భరించిన సందర్భాలు ఉన్నాయి. 1944 డిసెంబరులో ఆ దళాన్ని రద్దుచేశారు. సైనికులుగా గుర్తింపు 1977లో గానీ రాలేదు. పత్రికలో వాస్ప్‌గా ఉన్న ఒక అమ్మాయి పేరు 1944 మధ్యలో ఆగిపోతుంది. ఏమైందో పత్రిక చెప్పలేదు. చనిపోయిన 38 మంది పేర్ల జాబితాతో సరిచూస్తున్నంతసేపూ లేకపోతే బాగుండునని అనుకున్నాను. లేదు. తర్వాత పెళ్ళి పేరుతో 1950 లెక్కల్లో ఓరెగాన్‌లో దొరికింది.

ఒక సంగతి దాచకూడదు. ఆ ఇళ్ళలో అందరికీ చోటు ఉండేది కాదు. ఇలాంటి జాతీయ సొరోరిటీలు చాలావాటిలో తెల్లవాళ్ళు కానివాళ్ళను, యూదులను తీసుకోకూడదని రాసుకున్న నియమాలో, రాయని కట్టుబాట్లో ఉండేవి. నల్లజాతి అమ్మాయిలు వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా తీటా పెట్టుకున్నారు. 1945 ఫిబ్రవరిలో మేజర్ ఛారిటీ ఆడమ్స్ నాయకత్వంలో నల్లజాతి స్త్రీల దళం, 6888వ పోస్టల్ బెటాలియన్, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ చేరింది. గుట్టలుగా పేరుకున్న లక్షల ఉత్తరాలను ఆరు నెలల్లో పంచమంటే మూడు నెలల్లో పంచేసింది. నేను చదువుతున్న పత్రికలో భర్తల ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని బాధపడ్డ భార్యలు ఉన్నారు. ఆ ఉత్తరాలను కదిలించిన స్త్రీల పేర్లు అందులో లేవు. 1942లో నాలాంటి రంగున్న అమ్మాయి ఆ ఇంటి గడప తొక్కగలిగేది కాదు. ఆ సంగతి తెలిసే ఈ పని చేశాను. వాళ్ళ మీద ప్రేమ తగ్గలేదు, బాధ కూడా పోలేదు. మా ఆర్కివిస్టుతో మాట్లాడి పట్టికకు ముందు రాసే పరిచయంలో ఈ విషయం స్పష్టంగా చేర్పించాను.

ఇక నన్ను ఎక్కువకాలం పట్టి ఉంచిన వరుసలు వాషింగ్టన్‌వి. 1942 చివరి నుంచి చాలామంది గురించి ఒకే మాట, వాషింగ్టన్‌లో ప్రభుత్వ పని. ఏ పని అన్నది లేదు. మొదట్లో టైపిస్టులని రాసుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, సంకేత భాషలు విప్పే పనికి సైన్యం, నేవీ కాలేజీ అమ్మాయిలను వేలల్లో తీసుకున్నాయని. సైన్యం ఆర్లింగ్టన్ హాల్ అనే ఆడపిల్లల కాలేజీని, నేవీ మౌంట్ వెర్నన్ సెమినరీ అనే ఆడపిల్లల స్కూలును తీసుకుని అక్కడ ఈ పని నడిపాయి. చెబితే దేశద్రోహమని చెప్పి ప్రమాణం చేయించారు. అందుకే ఆ ఒక్క మాట. అయితే వాషింగ్టన్‌లో నిజంగా టైపిస్టులూ ఉన్నారు. ఎవరు ఎవరో పత్రిక చూసి చెప్పలేం. నాకు తోచింది రాయకూడదు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంచాను. ఖాళీ గడి చూస్తే మనసు ఒప్పుకోదు, అయినా అదే సరైనది.

ఒక్కామె మాత్రం వాషింగ్టన్‌లో కాదు, మాకు దగ్గరలోనే, డేటన్‌లో ఉంది. 1943 వేసవి సంచికలో రెండు వరుసలు. వేవ్స్‌లో చేరింది, షుగర్ క్యాంప్‌లో ఉంటోంది. ఆ పేరు నన్ను ఆపింది. షుగర్ క్యాంప్ అంటే నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ తన సేల్స్‌మెన్ శిక్షణ కోసం కట్టుకున్న చెక్క కాటేజీల వాడ. 1943 వసంతంలో నేవీ దాదాపు 600 మంది వేవ్స్ అమ్మాయిలను అక్కడ దించింది. వాళ్ళు వరుసగా కవాతు చేసుకుంటూ కొండ దిగి, కంపెనీ 26వ నంబరు భవనానికి వెళ్ళి, మూడు షిఫ్టుల్లో చక్రాలకు తీగలు సోల్డరింగ్ చేసేవారు. ఒక్కో చక్రానికి 26 తీగలు. అవి ఎందుకో వాళ్ళకు చెప్పలేదు. జర్మన్ నౌకాదళం ఎనిగ్మా అనే యంత్రంతో పంపే సంకేతాలను విప్పే, బాంబ్ అనే పేరున్న యంత్రాల భాగాలవి. జో డెష్ అనే ఇంజినీరు రూపకల్పన చేసిన ఆ యంత్రాలు వందకు పైగా తయారై వాషింగ్టన్ వెళ్ళాయి.

షుగర్ క్యాంప్‌లో ఉంది కాబట్టి ఈ పనే చేసిందని రాసేయాలనిపించింది. మా ఆర్కివిస్టు ఒప్పుకోలేదు, సర్వీస్ రికార్డు చూడాలంది. సైన్యం వదిలి 62 ఏళ్ళు దాటినవాళ్ళ రికార్డులు ఎవరైనా అడగొచ్చు. అవి సెయింట్ లూయిస్‌లో ఉంటాయి. అంతకుముందే ఆర్మీలో పనిచేసిన మరొకామె గురించి అడిగాను. ఆ ఫైలు లేదని జవాబు వచ్చింది. 1973 జూలై 12న అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ళ ఫైళ్ళలో నూటికి 80 కాలిపోయాయి. నేవీ ఫైళ్ళు ఆ మంటల్లో పోలేదు. డేటన్ అమ్మాయి నేవీ. ఫారం నింపి, డబ్బు కట్టి, నెలలు ఎదురుచూశాను. వచ్చిన కాగితాల్లో ఆమె పనిచేసిన చోటు ఉంది. యునైటెడ్ స్టేట్స్ నేవల్ కంప్యూటింగ్ మెషీన్ లేబొరేటరీ, డేటన్.

వివరాలు బయటపెట్టే ముందు కుటుంబాలకు ఉత్తరాలు రాయడం మా పద్ధతి. ఆమె కూతురు ఫోన్ చేసింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, గొంతు గట్టిగా ఉంది.

"మా అమ్మ నేవీలో ఆఫీసు పని చేసిందండీ. మాతో అంతే చెప్పింది. మీరు పొరబడలేదు కదా?" అంది.

రికార్డులో ఉన్నది చదివి వినిపించాను. తర్వాత సోల్డరింగ్ సంగతి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను.

"మా అమ్మ దగ్గర ఒక సోల్డరింగ్ ఐరన్ ఉండేది" అంది చివరికి. "ఇస్త్రీపెట్టె పాడైనా, రేడియో పాడైనా తనే బాగుచేసేది. వీధిలో వాళ్ళందరూ తెచ్చి ఇచ్చేవాళ్ళు. నాన్నకు ఆ పని రాదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే యుద్ధంలో అనేది. యుద్ధంలో ఏం చేశావు అంటే ఆఫీసు పని అనేది. మాకు ఆ రెండూ కలపాలని తోచనే లేదు."

ఆ తల్లి 1989లో పోయింది. భర్తకు కూడా చెప్పకుండానే పోయింది. ఆ కూతురు నన్ను అడిగింది ఒక్కటే, ఆ చక్రాలు ఎలా ఉంటాయి అని. నాకు తెలియదు. వేసవిలో మేం వాషింగ్టన్ వెళ్ళినప్పుడు మేరీల్యాండ్‌లో ఫోర్ట్ మీడ్ పక్కన ఉన్న నేషనల్ క్రిప్టోలాజిక్ మ్యూజియంకు వెళ్ళాం. డేటన్‌లో తయారైన బాంబ్ యంత్రం ఒకటి అక్కడ ఉంది. మనిషి కంటే ఎత్తు, బీరువాలు వరుసగా నిలబెట్టినట్టు, ముందువైపు అంతా నల్లని గుండ్రటి చక్రాలు. పాప వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. నేను దగ్గరి నుంచి ఫొటోలు తీసి ఆమెకు పంపాను. అమ్మ తీగ వేసిన చక్రం ఇదేనని ఎవరూ చెప్పలేరని కూడా రాశాను. ఆమె ఆ ఫొటో ప్రింటు తీయించి అమ్మ ఫొటో పక్కన పెట్టానని జవాబు ఇచ్చింది. ఆ తర్వాత మా పట్టికలో ఆ తల్లి వరుస నింపాను. మొదటి గడిలో ఆమె కాలేజీలో చేరిన నాటి పేరు.

ఈ పనంతా చేస్తున్నప్పుడు నాకు మా అమ్మమ్మ తరచు గుర్తొచ్చేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కబురు అమ్మమ్మ నోట చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను. ఊరు ఖాళీ అయిపోయింది, చేతికి అందింది మూటగట్టుకుని ఎడ్లబండిలో గజపతినగరం వైపు వెళ్ళిపోయాం, పొయ్యి మీద అన్నం అలాగే వదిలేశాం అనేది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు. ఆ ఏడాదే చదువు ఆగిపోయింది, ఆ మరుసటి ఏడు పెళ్ళి చేసేశారు.

పని పూర్తయిన వారం అమ్మకు ఫోన్ చేసి అడిగాను. అమ్మా, అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటి అని. అమ్మ వెంటనే చెప్పింది. చెప్పి ఆగింది.

"కానీ పేరు కూడా అది కాదే. అత్తారింట్లో పెద్ద కోడలికి అదే పేరు ఉందని మా నాయనమ్మ మార్చేసిందట. అసలు పేరు నాకూ తెలీదు. చిన్న మావయ్యకి తెలిసుంటుంది."

చిన్న మావయ్య అంటే అమ్మమ్మ తమ్ముడు, నాకు చిన్న తాతయ్య. తొంభై ఏళ్ళ మనిషి, విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటారు. సరిగా వినపడదు. అమ్మ ఆయన దగ్గరికి వెళ్ళి, వీడియో కాల్ పెట్టి, చెవి దగ్గర గట్టిగా అడిగింది. ఆయన కాసేపు నా వైపు చూస్తూ ఉన్నారు. ఎవరు అడుగుతున్నారు అన్నారు. నీ మనవరాలు మావయ్యా, అమెరికా నుంచి, అంది అమ్మ.

"అక్క పేరా?" అన్నారు. అని చెప్పారు. తర్వాత బండిలో తనను అక్కే ఒళ్ళో కూర్చోబెట్టుకుందని, పుస్తకాల సంచీ వదలనంటే నాన్న తిట్టారని, అయినా చీర కొంగు కింద దాచి తెచ్చిందని చెప్పారు. ఆ సంగతి మాకు ఎవరికీ తెలియదు.

నా దగ్గర కూపన్ల కొలతకు సరిపోయే తెల్ల కార్డు ఒకటి మిగిలి ఉంది. దాని మీద తాతయ్య చెప్పిన పేరు, పుట్టింటి ఇంటిపేరు రాశాను. కింద రెండు వరుసలు. 1942 ఏప్రిల్, విశాఖపట్నం నుంచి గజపతినగరం, తమ్ముడితో, పుస్తకాలతో.